సందేహాల కుప్పలో ఐదు మార్కుల నాణెం

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననొద్దు. నేను చెప్పే ఏ సంగతైనా సగానికి సగం తగ్గించుకుని వినాలి. మా ఊళ్లో నన్ను కుట్టిన తేలు చేటంత ఉండేది. ఒక్క గొర్రె తప్పిపోతే నా నోటి నుంచి బయటికొచ్చేసరికి మంద మాయమయ్యేది. కువైట్‌లో నా ఉద్యోగం గురించి నేను చెప్పింది విని మా మామగారు, ఇక్కడి విమానాశ్రయం తాళంచెవులు నా మొలతాడుకే వేలాడుతుంటాయని చాలాకాలం నమ్మారు. ఈ జబ్బుకు యాభై రెండేళ్లుగా మందు దొరకలేదు. నేను వెతకనూ లేదు.

అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. కింద రాసినదాంట్లో పెంచినవి ఎన్నో నాకే తెలియదు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒకటుంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

కువైట్‌లో అర్దియా అనే పేటలో నేను పనిచేసిన ఇల్లు మూడంతస్తులు. మా ఆవిడకు చెప్పినప్పుడు ఏడు. ఆ ఇంటి పెద్దాయనకు నేను డ్రైవర్ని. ఎనభై దాటిన మనిషి. ఆయన్ని బాబా అనేవాళ్లం. ఇంటి పెత్తనం చూసే ఆయన కూతుర్ని, ఇక్కడి పనివాళ్లందరూ యజమానురాలిని పిలిచినట్టే, మామా అనేవాళ్లం. రెండేళ్ల కిందట బాబా చూపుకి నడిమధ్యలో మసక కమ్మింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనపడదు, పక్కనున్న చెవులు మాత్రం కనపడతాయి. నన్ను చెవుల్ని బట్టే గుర్తుపట్టేవారు. కువైట్ మొత్తంలో ఇంత పెద్ద చెవులు ఇంకెవరికీ లేవని ఆయన అభిప్రాయం. పెంచి చెప్పడంలో ఆయనా తక్కువవారు కాదు.

మసక వచ్చాక ఆయన బయటికి వెళ్లడం మానేశారు. కారు కవరు కప్పుకుని పడుకుంది. వారానికోసారి ఇంజను స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి, ఆపేయడం నా ఉద్యోగం. అంగుళం కదలకుండా ఏడాదిపాటు కారు నడిపిన డ్రైవరు గల్ఫ్ దేశాలన్నిట్లో నేనొక్కణ్ణే అయివుంటాను.

పని లేకపోవడం కష్టం కాదు. మాట లేకపోవడం కష్టం. ఆ ఇంట్లో రోజుకు నా చెవిన పడే మాటలు మూడు: యల్లా, జేన్, ఖలాస్. కదులు, మంచిది, అయిపోయింది. మనిషి బతుకంతా ఆ మూడింట్లోనే ఉందని ఎవరైనా వేదాంతం చెప్పొచ్చుగానీ, వాటితో సాయంత్రం గడవదు. వంటామెది శ్రీలంక. ఆమెకూ నాకూ ఉమ్మడి భాష ఉప్పు: తక్కువైతే నేను కనుబొమలు ఎగరేసేవాణ్ణి, ఎక్కువైతే ఆమె తల దించుకునేది. మా ఆవిడ ఫోన్ చేస్తే నాలుగు నిమిషాలు. గ్యాసు, కరెంటు బిల్లు, ఆధార్ లింకు, ఉంటా. మా ఊళ్లో ఇక్కడికంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది రోజు. నాకు తీరిక దొరికేసరికి ఆమెకు వంట వేళ. గరాజు పక్కనున్న నా గదిలోకి వెళ్లబుద్ధి కాక, కవరు ఎత్తి కార్లో కూర్చుని అద్దంలో నన్ను నేనే పలకరించుకునేవాణ్ణి. "ఏమప్పా, బాగుండావా?" అని. బాగుండానని జవాబు కూడా నేనే.

అలాంటి రోజుల్లో నాణేలు వచ్చాయి.

బాబా వయసులో ఉన్నప్పుడు జర్మనీలో ఇంజనీరింగ్ చదివారు. అప్పటి వాళ్ల మార్కుల నాణేలు, ఐదు మార్కులవీ పది మార్కులవీ, వెండివి, నూటనలభై దాకా తెచ్చుకున్నారు. ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ కవరులో ఉండేది. ఇన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ జిగటపట్టి, పచ్చగా మారి, కంపుకొట్టింది. మామాకు శుభ్రం ఎక్కువ. ఒక మధ్యాహ్నం కవర్లన్నీ చింపించి, నాణేలన్నీ ఒక ఖాళీ ఖర్జూరం పెట్టెలో పోయించింది. బాబా ఆ పెట్టెను కుదిపి, గలగల విని, రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఎందుకంటే అందులో రెండు జాతులు కలిసిపోయాయి. ప్రూఫ్ నాణేలు, చలామణీకి వెళ్లని మామూలు నాణేలు. మిర్కాబ్‌లో పాత నాణేలు కొనే దుకాణదారు ఒకాయన, రెంటినీ వేరుచేసి ఇస్తేనే తీసుకుంటానని మామాకు చెప్పాడు. బాబా కళ్లకు ఆ పని చేతకాదు. ఇంట్లో పనిలేని కళ్లు నావే. ఆ నాణేలు ఏరడం అయిపోయేదాకా నన్ను ఇక్కడ ఉంచి, తర్వాత సులైబియాలో తన తమ్ముడి గోదాముకు కాపలా పంపిస్తానని మామా చెప్పింది. అక్కడున్న మనిషి ఖలాస్ అయి ఊరికి వెళ్లిపోతున్నాడట.

అంటే పెట్టె ఖాళీ అయిన రోజు నేనూ ఖాళీ.

మర్నాడు నాలుగింటికి, అసర్ నమాజు అయ్యాక, బాబా నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తానొక జత తొడుక్కుని, నాకూ తెల్ల నూలు గ్లౌజులు ఇచ్చారు. అవి తొడుక్కుంటే నేను పెళ్లి బ్యాండులో బాకా ఊదేవాడిలా ఉన్నాను. బల్ల మీద ఒక దీపం. దాని వేడికి నా మీసం చివర్లు కమిలాయి. ముప్పాతిక అరబ్బీ, పావు హిందీ కలిపి ఆయన పాఠం మొదలుపెట్టారు.

ముందుగా నా తెలివితక్కువ వదిలించారు. ప్రూఫ్ అంటే కొత్తది, రెండోది పాతది అనుకున్నాను. కాదట. రెండూ కొత్తవే, రెండూ ఎవరి జేబులోకీ వెళ్లలేదు. తేడా పుట్టుకలో ఉంది. మామూలు నాణెం యంత్రంలో ఒక్క దెబ్బతో పుట్టి, తొట్టిలో తన తోటివాళ్ల మీద పడుతుంది. ఎంత కొత్తదైనా ఒంటి మీద చిన్న చిన్న గాట్లుంటాయి. ప్రూఫ్ దర్జా వేరు. దాని అచ్చును ముందే మెరుగుపెడతారు, వెండి బిళ్లనూ మెరుగుపెడతారు, ఒకటికి రెండుసార్లు నిదానంగా కొడతారు, చేత్తో తీసి పక్కన పెడతారు. అందుకే దాని నేల, అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ జాగా, అద్దంలా ఉంటుంది. మీద ఉన్న గద్ద బొమ్మ మాత్రం సున్నం వేసిన గోడలా తెల్లగా, మెరవకుండా ఉంటుంది.

"వెలుగు నిలబడుతోందా, పరుగెడుతోందా?" ఆయన ప్రతి నాణేనికీ అడిగే ప్రశ్న ఇదొక్కటే.

అంచులు పట్టుకుని దీపం కింద కొంచెం వంచాలి. ప్రూఫ్ అయితే నేలంతా ఒక్కసారిగా నల్లబడుతుంది, ఇంకొంచెం వంచితే ఒక్కసారిగా తెల్లబడుతుంది. వెలుగు నిలబడుతుంది. పైన పేపరు పట్టుకుంటే అరబ్బీ అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. మామూలుదైతే వెలుగు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. పట్టుచీర మడతను అటూ ఇటూ తిప్పితే జరీ మీద పాకే మెరుపు ఉంటుందే, అది. నేను నా సౌకర్యం కోసం ఒకదానికి అద్దం అని, ఇంకోదానికి పట్టు అని పేర్లు పెట్టుకున్నాను. చూసి చెప్పడం నా వంతు, విని తీర్పు ఇవ్వడం ఆయన వంతు. తీర్పు తేలకపోతే మూడో కుప్పలో వేసేవాళ్లం. అది సందేహాల కుప్ప. దాన్ని మర్నాడు మళ్లీ చూడాలి.

నాలుగు రోజుల్లో పని నాకు పట్టుబడింది. కళ్లు మూసుకుని నాణెం వాసన చూసి చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఇక్కడ సగానికి సగం తగ్గించుకోండి. ఇలాగైతే ఇంకో వారంలో పెట్టె ఖాళీ అవుతుందని అయిదో రోజు వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఆ రోజు శుభ్రమైన పట్టు నాణెం ఒకదాన్ని పట్టుకుని, "బాబా, వెలుగు కొంచెం నిలబడి, కొంచెం పరుగెడుతోంది" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. నా చేతిలోంచి తీసుకుని, తల పక్కకు తిప్పి, చూపు అంచుతో చూడబోయారు. దాని మీది చిన్న అక్షరాన్ని నాతో చదివించుకుని, ఆ నాణేన్ని ఏ ఊరి టంకశాలలో కొట్టారో, ఆ ఊళ్లో మంచు ఎట్లా పడుతుందో, ఆ మంచులో తన బూట్లు ఎట్లా పోయాయో చెప్పారు. గంటన్నర. నాకొక మనిషి గంటన్నర సేపు వరసగా మాటలు చెప్పి ఎన్నేళ్లయిందో. నాణెం సందేహాల కుప్పలోకి వెళ్లింది.

ఆ రోజు నుంచి రోజుకు మూడు నాణేలను సందేహాల పాలు చేశాను.

వాటి వల్లే తెలిసింది. ప్రూఫ్ నాణేలు ఆయనకు పోస్టులో వచ్చేవట. మామూలువి బ్యాంకు కౌంటర్లో ముఖవిలువకే దొరికేవి. అక్కడికి చేరిన మొదటి చలికాలంలో ఆయనతో మాట్లాడే మనిషి ఆ ఊళ్లో ఒక్కడూ లేడు, కౌంటర్లో గుమాస్తా తప్ప. ఆ గుమాస్తాకు మాట్లాడక తప్పదు, ఉద్యోగం కదా. "కొత్తది వచ్చిందా?" అని ఈయన అడగాలి, వచ్చిందనో లేదనో అతను చెప్పాలి, వాతావరణం గురించి ఒక ముక్క అనాలి. ఆ ముక్క కోసం వారం వారం వెళ్లి ఒక్కో నాణెం తెచ్చుకున్నారు. ఇదంతా ఆయన నవ్వుతూనే చెప్పారు. నేను గ్లౌజుల వంక చూస్తూ విన్నాను.

సులైబియా ఎట్లాంటిదో కనుక్కుందామని అక్కడి కాపలా మనిషికి ఫోన్ చేశాను. జగిత్యాల వైపు మనిషి, నాకంటే చిన్నవాడు.

"అన్నా, ఈడ పని ఏం లేదే. గేటు తీసుడు, గేటు ఏసుడు," అన్నాడు.

"మాట్లాడేదానికి మనుషులుండారా అబ్బీ?"

"మనుషులా? ఒక పిల్లి ఉన్నదన్నా. దానికి తెలుగు మంచిగ సమజైతది గని, జవాబియ్యది."

"అంతేనా?"

"కంటైనర్లున్నయి. రెండు సంవత్సరాలు సూసినంక అవి గుడ మనుషులోలెనే అనిపిస్తయి. నువ్వేం రంది పెట్టుకోకు. ఇంతకు నువ్వాడ ఏం జేస్తున్నవ్? బిళ్లలు ఏరుతున్నవంట గదా. గా ముసలాయన నిన్ను బడిల ఏసిండా?"

వేశాడని, ఇప్పుడప్పుడే పాసయ్యే ఉద్దేశం నాకు లేదని చెప్పాను. అతను నవ్వి, టికెట్టు చేతిలో ఉందని, వచ్చే ఆదివారం ఎట్టి పరిస్థితుల్లో విమానం ఎక్కుతానని అన్నాడు.

ఆ వారమే మామా వచ్చి బల్ల మీదికి చూసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అద్దాల కుప్ప కంటే, పట్టు కుప్ప కంటే, సందేహాల కుప్ప ఎత్తుగా ఉంది. ఇంత సందేహం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది. గురువారానికి తేల్చేయమని, తేలనివాటిని మిర్కాబ్ ఆయనే తేల్చుకుంటాడని చెప్పి వెళ్లిపోయింది. నాకు వేరే దారి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోతే బుధవారం సాయంత్రానికి కుప్పలో ఒక్కటే మిగిలింది. ఐదు మార్కుల నాణెం, పట్టు జాతిది, నల్లగా మసకబారింది. బాబా దాన్ని మర్నాటికి ఉంచుదాం అన్నారు.

ఆ ఒక్కదాన్ని ఎలాగైనా తేలకుండా చేయాలి. పట్టుకు కాస్త మెరుపు ఎక్కి, అటు అద్దం కాక, ఇటు పట్టు కాక మిగిలిపోతే బాబా దాన్ని అమ్మనివ్వరు, దాని మీద ఇంకో పది రోజులు మాట్లాడుకోవచ్చు. మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు, గ్యాసుకూ ఆధార్‌కూ మధ్య ఈ సంగతి ఇరికించాను. నాణెం మసకగా ఉందని చెప్పాను.

"బిళ్లలు రుద్దేదానికి కువైటు దాకా పోవల్లనా? ఇంట్లో ఇత్తడి బిందెలు ఉండాయి కదా," అంది.

"ఇత్తడి కాదు, వెండి."

"వెండైతే విబూదేసి రుద్దు. మన కుంకుమ భరిణె అట్లే కదా తోమేది. ఇంత సంబడానికి ఫోను ఎందుకు?"

విబూది పొట్లం నా గదిలోనే ఉంది, ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆవిడ సర్దిందే. నాణెం గ్లౌజులో దాచి తెచ్చుకున్నాను. మెత్తని బనీను గుడ్డ మీద విబూది పోసి, రెండు చుక్కలు నీళ్లేసి, రుద్దాను. అబ్బ, ఏం వెలుగు. మసక పోయింది, నలుపు పోయింది, గద్ద ముక్కు మెరిసింది. ఒళ్లు మరిచి ఇంకా రుద్దాను. మనవాళ్లకు మెరుపే గొప్ప కదా, మెరిసేకొద్దీ దానికి మేలే చేస్తున్నానని నమ్మాను. చివరకు దీపం కింద వంచి చూస్తే వెలుగు పరుగెత్తడం మానేసి నిలబడింది. పట్టును అద్దం చేసిన మొనగాణ్ణి నేను. ఆ టంకశాలవాళ్లకు తెలిస్తే విమానం పంపేవాళ్లు.

గురువారం నాలుగింటికి ఆ నాణెం బాబా చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్లలేదు. కుడిచేతి గ్లౌజు తీసేసి, ఎన్నడూ లేనిది, బొటనవేలితో నాణెం ముఖం నిమిరారు. చాలాసేపు నిమిరారు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, నా చెవుల వైపు చూశారు.

"దీన్ని కడిగావు," అన్నారు.

నేను నా గ్లౌజులు రెండూ తీసి బల్ల మీద పెట్టాను.

"వెలుగు పరిగెత్తేది దాని చర్మం మీద. ఆ చర్మం వొలిచేశావు. ఇప్పుడు ఇది అద్దమూ కాదు, ఇంకోటీ కాదు. ఇది నాకు పోస్టులో రాలేదు. ఒక మనిషి చేతిలోంచి వచ్చింది."

బాబా, తప్పయింది అన్నాను. అరబ్బీలో అన్నానో, తెలుగులో అన్నానో గుర్తులేదు.

"రోజుకు మూడు నీకు తేలేవి కావు. ఎప్పుడూ మూడే. నిజంగా తెలియనివాడికి ఒకరోజు పది తేలవు, ఒకరోజు ఒకటి తేలదు. నేనూ అట్లాగే కౌంటర్ దగ్గర నిలబడినవాణ్ణి. నాకు తెలియదనుకున్నావా?"

ఇంతవరకు చదివి మీ గొంతులో ఏమైనా అడ్డం పడి ఉంటే, మింగేయండి. నేను కల్పించింది ఇదే.

తేలు పెంచాను, గొర్రెలు పెంచాను, ఇంటికి అంతస్తులు పెంచాను. గుమాస్తా సంగతి ఆయన చెప్పిందే. విబూది రుద్దిందీ నిజమే. కానీ గురువారం నాలుగింటికి జరిగింది ఇది. బాబా నాణెం చేతిలోకి తీసుకున్నారు. తల పక్కకు తిప్పి చూశారు, కనపడలేదు. గ్లౌజు తీయలేదు. ఎప్పటిలాగే, వెలుగు నిలబడుతోందా, పరుగెడుతోందా అని అడిగారు. కొంచెం నిలబడి కొంచెం పరుగెడుతోందని చెబుదామనే వచ్చాను. తీరా చూస్తే అంత అబద్ధానికి చోటు లేకుండా రుద్దేశాను. నిలబడుతోంది బాబా, అన్నాను. జేన్, అని ఆయన దాన్ని ప్రూఫ్ కుప్పలో పెట్టారు. అరచేత్తో బల్ల మీద రెండుసార్లు తట్టి, ఖలాస్ అన్నారు. చివరిదాన్ని నేను సరిగ్గా చెప్పానని సంతోషించారు కూడా. మామా వచ్చి కుప్పల్ని రెండు సంచుల్లో పోసింది. శుక్రవారం నేను సులైబియాలో దిగాను. ఆయన కనిపెట్టలేదు. తిట్టలేదు. నేను ఎందుకు రోజుకు మూడు తప్పులు చేశానో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

అది కల్పించడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట్లో ఆయన గట్టిగా అరిచినట్టు ఊహించాను. బాగులేదు. తర్వాత నాణెం నా మీదికి విసిరినట్టు. అదీ కుదరలేదు. ఇక్కడ కంటైనర్ల నీడలో కూర్చుని ఒక్కో మాట మారుస్తూ, చివరకు పైన రాసినట్టు కుదిరింది. ఒక మనిషి నన్ను కనిపెట్టి, నీ సంగతి నాకు తెలుసులే అనడం. అంతకంటే పెంచలేకపోయాను.

మిర్కాబ్ దుకాణదారు ఈపాటికి చూసే ఉంటాడు. అలాంటివాడికి ఒక్క చూపు చాలు, విబూది గీతలు వెంట్రుకల్లా కనపడతాయి. మామాకు ఫోన్ చేసి ఉంటాడు. మామా బాబాకు చెప్పి ఉంటుంది. బాబాకు కోపం రావాలి. వస్తే నాకు ఫోన్ చేయించాలి. జగిత్యాల తమ్ముడు అప్పగించి వెళ్లిన పిల్లికి ఇదంతా వివరంగా చెప్పాను. ఫోను సౌండు మాత్రం ఎంత పెరిగితే అంత పెంచి పెట్టుకున్నాను.